ప్రథమ శ్రేణి సత్పురుషుడు

ప్రతి ఉన్నత పాఠశాలయందును, పదవ తరగతి ముందుబల్ల కుడికొనను, నూనెరాసి నున్నగా దువ్విన తలతో, మాష్టారి నోట ప్రశ్న పూర్తిగాక మునుపే పైకెత్తిన చేతితో ఒక మహనీయుడు ఆసీనుడై యుండును. ఆతడే ప్రథమ శ్రేణి సత్పురుషుడు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఆతనికి లేకపోలేదు గాని, ఆరవ తరగతినుండియు లోకము ఆతనిని "ఫస్టు ర్యాంకు" అనియే వ్యవహరించుచున్నది.

ఆతని సద్గుణములను పరీక్షించి యెరిగినవారు లేరు. మార్కుల జాబితానుబట్టి ఊహించినవారే యందరును. లెక్కలలో 100కు 100 తెచ్చుకొన్నవాడు అబద్ధమాడడనియు, సాంఘికశాస్త్రమున 98 సంపాదించినవాడు సంఘమునకు ఉపకారియే యగుననియు ప్రధానోపాధ్యాయులవారి దృఢవిశ్వాసము. కావుననే కిటికీ అద్దము పగిలిననాడు, 35 మార్కుల గట్టెక్కుటకే ఆపసోపాలు పడు వెనుకబల్లవాడు గోడకుర్చీ వేయగా, బంతి విసరిన మన సత్పురుషుడు వానికి కాపలాదారుగా నియుక్తుడయ్యెను. విలువల విద్యకు కేటాయించిన పీరియడును లెక్కల మాష్టారు ఆక్రమించి క్షేత్రమితి బోధించుట ఆచారమైనను, ఆ విద్యలో ఆతనికి ఏ ప్లస్ గ్రేడు తప్పదు.

ఇందుకు శాస్త్రాధారము లేకపోలేదు. 2005లో ఆంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్‌మన్ అను అమెరికా మనస్తత్త్వవేత్తలు ఎనిమిదవ తరగతి విద్యార్థులను పరిశీలించి, మార్కులతో ఐక్యూకంటె ఆత్మనిగ్రహమునకే గాఢతర సంబంధము గలదని ప్రకటించిరి. మనవాని ఆత్మనిగ్రహమన్ననో లోకోత్తరము! వీధిలో క్రికెట్టు కేకలు మిన్నుముట్టినను పుస్తకమునుండి కన్నెత్తడు. జ్వరముచే వారము దినములు బడి మానిన ప్రక్కవాడు నోట్సు అడిగినప్పుడు, ఇచ్చివేయుదమను చాపల్యము మనసున పొడమినను, దానిని తృటిలో జయించును. పరీక్ష హాలునుండి వెలువడుచు, "ఏమీ రాయలేదురా, పోయినట్టే" అని కంట తడిపెట్టి, ఫలితములనాడు తగ్గిన ఒక్క మార్కునకై రీకౌంటింగునకు దరఖాస్తు పెట్టును. ఆ జ్వరపీడితునికి తన కోడిగీతల నోట్సు ఇంటికి మోసికొనిపోయి యిచ్చినవాడు ఆ వెనుకబల్లవాడే; దానికి మార్కులు వేయు గడి ఏ రిజిస్టరునందును లేదు.

పట్టుదల, నిగ్రహము మార్కులకు తోడగును. సత్యము, దయ తోడుకాకపోవచ్చును, అందుచే వాని విలువ తరుగదు. కావున అయ్యవారలారా, టీసీలో ప్రవర్తన గడి నింపునప్పుడు మార్కుల రిజిస్టరు మూసివైచి, ప్రక్కన కూర్చున్నవానిని ఒక్కమాట అడుగుడు.