మంగళవారం అర్ధరాత్రి ముహూర్తం

మంగళవారం గోళ్లు తీయకూడదు, జుట్టు కత్తిరించుకోకూడదు, ఎవరికీ అప్పు ఇవ్వకూడదు. ఇన్ని కట్టుబాట్లున్న ఇంట్లో పుట్టి, టెక్సస్ వెళ్లి, ఫ్రిస్కోలో ఇల్లు కొనేటప్పుడు ఈశాన్యం తెగిందేమోనని బిల్డర్ ప్రాణం తీసిన మన సాఫ్ట్‌వేర్ సోదరుడు, యూరప్ టికెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మంగళవారం కోసమే కాచుక్కూర్చుంటాడు. అదీ అర్ధరాత్రి దాటాక. అదీ ఇన్‌కాగ్నిటో విండోలో. ఇంకా పడుకోలేదా అని భార్య అడిగితే, ష్, రేటు వింటుంది అన్నట్టు చూస్తాడు.

ఈ వ్రతవిధానం అతనికి ఉపదేశించింది చవక టికెట్ల గురువుగారు. డాలస్‌లోనైనా, ఎడిసన్‌లోనైనా, బే ఏరియాలోనైనా పాట్‌లక్ అంటూ జరిగితే అందులో ఒక గురువుగారు ఉండి తీరతారు. ప్లేట్లో పులిహోర పడకముందే మొదలుపెడతారు. "అన్నా, మొన్న పారిస్‌కి 299 డాలర్లకి కొట్టాను. రౌండ్ ట్రిప్!" అంతే, అదే పారిస్‌కి పన్నెండు వందలు పోసి వెళ్లొచ్చినవాళ్లు ఆ పూటకి ఈఫిల్ టవర్ ఊసెత్తరు. గురువుగారికి యాత్రాఫలం అక్కడే దక్కిపోతుంది.

సరే, శాస్త్రం సంగతి చూద్దాం. మంగళవారానికి ఒకప్పుడు కాస్త అర్థం ఉండేది. అమెరికాలో ఏదో ఒక కంపెనీ సోమవారం రాత్రి డిస్కౌంటు ప్రకటిస్తే, పోటీ కంపెనీలు మంగళవారం మధ్యాహ్నానికల్లా తమ రేట్లూ దించేవి. ఇప్పుడు రేట్లు ఏ రోజైనా, ఏ గంటకైనా మారతాయి. గూగుల్ కొన్నేళ్ల రేట్లన్నీ తిరగేసి 2022లో తేల్చింది ఇదీ: వారం మధ్యలో కొన్నవాళ్లకి, వారాంతంలో కొన్నవాళ్లకంటే, సగటున మిగిలేది రెండు శాతం లోపే. ఆరు వందల డాలర్ల టికెట్ మీద మహా అయితే పన్నెండు డాలర్లు. రాత్రంతా మేలుకున్నందుకు మర్నాడు ఆఫీసులో తాగే కాఫీలకి సరి.

ఇన్‌కాగ్నిటో మహిమ ఇంకా గొప్పది. మనం పదేపదే వెతుకుతున్నామని కంపెనీకి తెలిసిపోయి, మన మీద పగబట్టి రేటు పెంచేస్తుందట. అసలు జరిగేది వేరు. ఎకానమీలో ఒకే వరసలో కూర్చున్న ముగ్గురి టికెట్లకీ మూడు రేట్లు ఉండొచ్చు. సీట్లని ఇంగ్లీషు అక్షరాల పేర్లతో ఓ డజను తరగతులు చేసి, అట్టడుగు రేటుకి ఇన్ని, దాని పై రేటుకి ఇన్ని అని వాటాలు వేసి, అమ్మకాన్ని బట్టి ఒక్కో తరగతినీ మూస్తూ తెరుస్తూ ఉంటారు. 1980ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ ఈ విద్యకి పదును పెట్టాడు. యీల్డ్ మేనేజ్‌మెంట్ అని నామకరణం చేసిందీ ఆయనే. పది నిమిషాల కింద కనపడిన రేటు ఇప్పుడు మాయమైందంటే, సాధారణంగా ఆ తరగతిలో ఆఖరి సీటు ఎవరో కొనేశారని. ఒహైయోలో ఏ ముసలావిడో కొనుక్కుని ఉంటుంది. ఆవిడ మామూలు విండోలోనే కొనుక్కుంది.

ఇక్కడే నిజంగా పనికొచ్చే కిటుకొకటుంది, గురువుగార్ల నోట అది చాలా అరుదుగా వస్తుంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు చవక తరగతిలో మూడే సీట్లు మిగిలి ఉంటే, నలుగురికీ పై తరగతి రేటే చూపిస్తారు. ముందు ఒక్కరికి వెతికి చూడండి. తేడా కనపడితే ముగ్గురికి ఒక టికెట్, నాలుగో మనిషికి విడిగా ఒకటి. రేపు విమానం రద్దయితే రెండు బుకింగులనీ ఒకే విమానంలో ఎక్కించమని కౌంటర్ దగ్గర బతిమాలుకోవాలి, అది వేరే సంగతి.

అట్లాంటిక్‌ని చవగ్గా దాటిస్తామన్న మాట గురువుగారు పుట్టకముందు నుంచీ ఉంది. ఫ్రెడ్డీ లేకర్ అనే ఇంగ్లీషాయన 1977 సెప్టెంబరు 26న లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కి స్కైట్రైన్ మొదలుపెట్టాడు. లండన్ నుంచి ఒకవైపుకి 59 పౌండ్లు. ముందుగా రిజర్వేషన్ ఉండదు, వెళ్లే రోజు లైన్లో నిలబడి కొనుక్కోవాలి, తిండి కావాలంటే వేరే డబ్బులు. జనం రోడ్ల పక్కన పడుకుని మరీ ఎక్కారు. మరుసటి ఏడాదే ఆయనకి సర్ బిరుదు ఇచ్చారు. 1982 ఫిబ్రవరిలో కంపెనీ కుప్పకూలింది. పెద్ద కంపెనీలు కూడబలుక్కుని ముంచేశాయని దావా పడితే, 1985లో అవి కోర్టు బయటే డబ్బు కట్టి వదిలించుకున్నాయి. పీపుల్ ఎక్స్‌ప్రెస్ 1983లో నెవార్క్ నుంచి లండన్‌కి 149 డాలర్లు అంది. నాలుగేళ్లు తిరిగేసరికి కాంటినెంటల్‌లో కలిసిపోయింది.

ఈ శతాబ్దంలోనూ అదే వరస. 99 డాలర్ల టికెట్ల ప్రైమెరా 2018 అక్టోబరు ఒకటిన ఆగింది. ఊదారంగు విమానాల ఐస్‌లాండ్ కంపెనీ వావ్ 2019 మార్చి 28న ఆగింది, ప్రయాణికులు ఎక్కడివాళ్లు అక్కడే. నార్వేజియన్ 2021 జనవరిలో అట్లాంటిక్‌కి దణ్ణం పెట్టేసింది. వావ్ పోయాక ఐస్‌లాండ్‌లోనే పుట్టిన ప్లే 2025 సెప్టెంబరు 29న మూసేసింది. చవక కంపెనీ ర్యాన్‌ఎయిర్‌ని నడిపే ఓలియరీది ఇంకో దారి. పది యూరోలకే అమెరికా అంటూ ఏళ్ల తరబడి ఊరించాడు. 2015 మార్చిలో ఆ పథకానికి బోర్డు సరేనందని వార్త పొక్కింది. నాలుగు రోజులు తిరక్కుండానే, అలాంటి పథకాన్ని బోర్డు పరిశీలించనే లేదని కంపెనీయే ప్రకటించింది. అట్లాంటిక్ మీద ఒక్క విమానమూ ఎగరలేదు కాబట్టి ఒక్క రూపాయీ నష్టపోలేదు. ఈ జాబితా మొత్తంలో తెలివైనవాడు ఆయనే.

కారణం బ్రహ్మరహస్యం కాదు. దగ్గరి ఊళ్ల మధ్య చవక కంపెనీ బతికేది ఒకే విమానాన్ని రోజంతా ఆపకుండా తిప్పి. న్యూయార్క్ నుంచి లండన్ దాదాపు 5,500 కిలోమీటర్లు. ఎంత పరుగులు పెట్టినా రోజుకి ఒక రాకా, ఒక పోకా. పెద్ద కంపెనీలకైతే ముందు బిజినెస్ క్లాసు ఉంది. అక్కడ లాభం పిండుకుని, వెనక మిగిలిన సీట్లు జనవరిలో ఎంతకైనా తెగనమ్మగలవు. గురువుగారు పారిస్‌కి వెళ్లొచ్చింది తన తెలివితేటల మీద కాదు, ముందు సీట్లో కాళ్లు బారజాపుకుని నిద్రపోయిన ఎవరో బ్యాంకర్ పుణ్యాన.

ఇక ఆ 299 లెక్క. ఆ రేటు బోస్టన్ నుంచి. గురువుగారి ఇల్లు డాలస్ పక్కన. మరి బోస్టన్ దాకా వెళ్లిన టికెట్? "అది వేరే ఖాతా." ఆ విమానం ఆలస్యమైతే పారిస్ విమానం పోతుందని ముందు రోజే వెళ్లి పడుకున్న హోటల్? "ఎలాగూ బోస్టన్ చూడాలనుకున్నాం." బేసిక్ ఎకానమీలో చెక్ ఇన్ బ్యాగు ఉండదు, కావాలంటే ఒక్కో వైపుకీ విడిగా డబ్బు పుచ్చుకుంటారు. రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, మ్యాగీ ప్యాకెట్లు, పిల్లల జాకెట్లు లేకుండా మన సంసారం గడప దాటదు. సీటు మీరే ఎంచుకోవాలంటే మళ్లీ డబ్బు. వద్దనుకుంటే తండ్రి 28వ వరసలో, తల్లి 42లో. ప్రకటించే రేటులో పన్నులన్నీ కలిపి చూపించాల్సిందేనని అమెరికా రవాణా శాఖ 2012లో నియమం అమల్లోకి తెచ్చింది. పన్నులు దాచే దారి మూసుకుపోయినా, బ్యాగులకీ సీట్లకీ వడ్డన మిగిలే ఉంది.

గురువుగార్లలో పీఠాధిపతులు వేరే ఉన్నారు, వాళ్లు పాయింట్లతో "ఫ్రీగా" వెళ్లొస్తారు. ఆ ఫ్రీ టికెట్ మీద కొన్ని కంపెనీలు సర్‌చార్జి పేరుతో వందల డాలర్లు వసూలు చేస్తాయి. లండన్‌లో అమెరికా విమానం ఎక్కే ప్రతి పెద్దమనిషీ బ్రిటన్ ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను 2025 ఏప్రిల్‌లో 90 పౌండ్లయింది, బిజినెస్ క్లాసైతే 216. ఆ పాయింట్లు వచ్చిన క్రెడిట్ కార్డుకి ఏడాదికింతని ఫీజు ఉంటుంది. ఆ పాయింట్ల కోసమని కొన్న టీవీ హాల్లో ఉంటుంది. అయినా అది ఫ్రీ!

గురుబోధలో మూలమంత్రం ఒకటుంది: "డీల్ కనపడితే ఆలోచించకు, కొనెయ్." ఈ మంత్రం అమెరికా పాస్‌పోర్టున్నవాడి కోసం పుట్టింది. ఇండియన్ పాస్‌పోర్టుతో జపిస్తే వికటిస్తుంది. యూరప్‌లో చాలా దేశాలకి పనిచేసే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. దాని మీద వీసా సెంటర్ వాళ్ల సర్వీసు చార్జీ, 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు లెటరు. వీటన్నిటికీ ముందు అపాయింట్‌మెంట్ దొరకాలి. వీసా చేతికొచ్చేదాకా టికెట్ కొనొద్దు, రిజర్వేషన్ చూపిస్తే చాలని కాన్సులేట్లే సలహా ఇస్తాయి. కొనెయ్ అని గురువు, కొనకు అని కాన్సులేటు. పిల్లలు అమెరికాలోనే పుట్టారు కాబట్టి వాళ్లకి ఈ బాధ లేదు. మూడో క్లాసు పిల్ల రేపే పారిస్ వెళ్లగలదు. ఆమె టికెట్‌కి డబ్బు కట్టే తండ్రే వెళ్లలేడు.

హెచ్1బి ఉద్యోగ వీసా వాళ్ల చిక్కు ఇంకా పెద్దది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినా, ఐ-797 అనే ఆమోదం కాగితం ఉంటే అమెరికాలో నిక్షేపంగా ఉద్యోగం చేసుకోవచ్చు. కెనడాకో, మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్లి రావచ్చు. యూరప్‌కి ఆ వెసులుబాటు లేదు. తిరిగి రావాలంటే స్టాంపింగ్ కావాలి. స్టాంపింగ్‌కి సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో అప్లై చేసుకోమని 2025 సెప్టెంబరులో చెప్పారు. మనవాడికి అంటే ఇండియానే. అంటే 299 డాలర్ల పారిస్ టికెట్‌కి రిటర్ను హైదరాబాద్ మీదుగా. ఈ ముక్క గురువుగారు చెప్పరు, ఆయనకి ఎప్పుడో సిటిజన్‌షిప్ వచ్చేసింది.

పొరపాటు రేట్ల పురాణం ఒకటి మిగిలింది. 2015 ఫిబ్రవరిలో యునైటెడ్ వెబ్‌సైట్‌లో డెన్మార్క్ కరెన్సీ మారకం లెక్క తప్పింది. బిల్లింగ్ దేశం డెన్మార్క్ అని పెట్టినవాళ్లకి లండన్ నుంచి నెవార్క్‌కి ఫస్ట్ క్లాసు సుమారు 75 డాలర్లకే దొరికింది. వేల మంది ఆ ఒక్క రోజుకి డేన్‌లైపోయారు. కంపెనీ ఆ టికెట్లన్నీ రద్దు చేసింది, రవాణా శాఖ కంపెనీ వైపే నిలబడింది. అదే ఏడాది మే నెలలో, పొరపాటున పడ్డ రేటుని రద్దు చేసుకోవచ్చు, టికెట్ డబ్బూ దాన్ని నమ్మి చేసిన ఇతర ఖర్చులూ వెనక్కిస్తే చాలని కూడా చెప్పేసింది. పాట్‌లక్‌లో ఈ పురాణం మొదటి అధ్యాయమే నడుస్తుంది.

యూరప్‌కి తక్కువలో వెళ్లడం అబద్ధమని నేననడం లేదు. సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు రేటు పడుతుంది, అంతకు మించిన మర్మం లేదు. జనవరి, ఫిబ్రవరి నెలలు చవక. థాంక్స్‌గివింగ్ వారంలో అమెరికా అంతా అమ్మమ్మ ఇళ్లకి పోతుంది, యూరప్ విమానాలు కాస్త దిగివస్తాయి, పైగా పిల్లలకి బడి ఉండదు. లండన్‌లో దిగి, మాడ్రిడ్‌లో తిరుగు విమానం ఎక్కితే అమెరికా విమానం మీద పడే ఆ బ్రిటన్ పన్ను తప్పుతుంది, కాకపోతే ఇండియన్ పాస్‌పోర్టుకి బ్రిటన్‌దీ, షెంగెన్‌దీ రెండు వీసాలు కావాలి. ఎలాగూ హైదరాబాద్ వెళ్తున్నవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాలుగు రోజులు ఆగేలా మల్టీ సిటీ టికెట్ వెతికితే, అట్లాంటిక్ ఖర్చు ఇండియా ప్రయాణంలోనే కలిసిపోతుంది. ప్రయాణం వారం కంటే దూరంలో ఉండి, కంపెనీ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకునే వీలు సాధారణంగా ఉంటుంది. కొన్ని కంపెనీలు దాని బదులు డబ్బు కట్టకుండానే ఒక రోజు రేటుని ఆపి ఉంచుతాయి. యూరోపియన్ యూనియన్ దేశంలో ఎక్కిన విమానం కంపెనీ తప్పు వల్ల నాలుగు గంటలకి పైగా ఆలస్యంగా అమెరికా చేరితే తలకి 600 యూరోలు అడగొచ్చు. చాలామంది తెలియక అడగరు.

గురువుగారూ, మీ ఓపికకి నా నమస్కారం. ఈసారి పాట్‌లక్‌లో 299 అన్నప్పుడు దాని పక్కన డాలస్ టికెట్, బోస్టన్ హోటల్, నాలుగు బ్యాగులు, పాయింట్ల కార్డు ఫీజు, అన్నీ వేసి మొత్తం చెప్పండి. ఆ మొత్తం తలకి పన్నెండు వందల లోపు తేలితే, మీ దగ్గర మొట్టమొదట శిష్యరికానికి చేరేది నేనే.