సాము కర్రను నేను

నేను గుల్ల లేని గట్టి వెదురును. పుట్టింది పార్వతీపురం అవతల కొండల్లో. ముదిరాక నరికి, నీడన ఆరబెట్టి, వంకర ఉన్నచోట నిప్పుసెగ చూపి సరిచేశారు. కణుపులు నున్నగా చెక్కి నువ్వుల నూనె పట్టించారు. నిలబెడితే, నన్ను తిప్పే మావాడి నుదుటి దాకా వస్తాను. విజయనగరం పక్క పల్లెలో, సాము నేర్పే తాలింఖానా గోడకు ఆనుకుని ఉంటాను. నా పైన ఆంజనేయస్వామి పటం, దాని పక్కనే కోడి రామమూర్తి నాయుడు గారి ఫొటో. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఒంటి బలంతో సొంత సర్కస్ కంపెనీనే నడిపిన మనిషి. మా తాలింఖానాలో దేవుడి తరవాత ఆయనే.

నా కథంటే నన్ను పట్టిన చేతి కథే. కాలవ నీళ్ళ తగాదాలో వాళ్ళ నాన్నను ఎవరో నలుగురిలో చెంప మీద కొట్టారట. ఆ కసితో వచ్చాడు మావాడు, ఇంకా మీసం రాని వయసులో.

"వస్తాదు గారూ, నాకు కొట్టడం నేర్పండి."

"ముందు నేలకు దండం పెట్టి నిలబడరా" అన్నారాయన.

చాలాకాలం నన్ను ముట్టుకోనివ్వలేదు. అడుగులే. మోకాళ్ళు కాస్త వంచి, ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం. మెత్తటి మట్టిలో పాదం ఈడ్చిన గీత కనబడితే చాలు, మళ్ళీ మొదటికి. తరవాత మణికట్టు. కర్రను భుజబలంతో తిప్పుతారనుకుంటారు చూసేవాళ్ళు. భుజం బిగిస్తే నేను తిరగను. పట్టు వదులుగా ఉండాలి, జారకూడదు. వస్తాదు కళ్ళు మూసుకుని నా హోరు వినేవారు. కుడిపక్కా ఎడమపక్కా ఒకే తీరున మోగితేనే ఊరుకునేవారు.

కోపంగా ఉన్నరోజు మావాడి వేళ్ళు నా మీద బిగుసుకునేవి. ఆ రోజు నేను వాడి మోకాలి చిప్పకో చెవికో తగిలేదాన్ని. ఏళ్ళ తరబడి అలా తగలగా తగలగా, గడప దాటకముందే ఊపిరి నిదానం చేసుకుని లోపలికి రావడం అలవాటైంది వాడికి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. పీర్ల పండగ ఊరేగింపులో జనం చుట్టూ నిలబడి నిమ్మకాయలు రువ్వుతుంటే, ఒక్కటీ వాడి ఒంటికి తగలనివ్వని నా ఘనత కూడా దాని ముందు చిన్నదే.

మొన్న సంక్రాంతికి, వాళ్ళ నాన్న మీద చెయ్యిచేసుకున్న ఆ మనిషి చెరువుగట్టు మీద ఎదురుపడ్డాడు. నేను మావాడి చేతిలోనే ఉన్నాను. మావాడు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు గానీ, పట్టు బిగుసుకోలేదు. నేను ఆ పట్టును నమ్ముతాను.

ఇప్పుడు మావాడే వస్తాదు. ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లల్లో వాడి కూతురూ ఉంది. ఆడపిల్లకు సాము ఎందుకని అడిగినవాళ్ళు పొద్దున్నే వచ్చి దాని అడుగు చూడాలి. వయసుకు మించిన నిబ్బరం ఆ పిల్లది.

మీ చుట్టుపక్కల సాము నేర్పే వస్తాదు ఇంకా ఉంటే మీ పిల్లల్ని పంపండి. నెల తిరక్కుండానే ఏం నేర్చుకున్నావని మాత్రం అడక్కండి.