కర్లపాలెం నుంచి టికెట్టు దొరలకు జేజేలు

వినోదాల పార్కులకు టికెట్టు ధర కట్టే పెద్దలారా, మీకు నమస్కారం. నీళ్ల జారుడుబల్లలు నిలబెట్టిన ఇంజినీర్లను, కొలను ఒడ్డున ఈల నోట పెట్టుకుని పిల్లల్ని కాచుకునే కుర్రాళ్లను లోకం మెచ్చుకుంటూనే ఉంది. ధర పలక వెనక కూర్చుని లెక్క కట్టే మిమ్మల్ని మెచ్చుకున్నవాళ్లు మాత్రం కనబడరు. ఆ లోటు బాపట్ల జిల్లా కర్లపాలెం తీరుస్తుంది. కృష్ణకు అవతల దివిసీమలో కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువును నిందిస్తూనే కొలిచి శతకం రాశాడు. కృష్ణకు ఇవతలివాళ్లం మేము, మిమ్మల్ని పొగుడుతూనే మా మాట చెప్పుకుంటాం. ఈ పొగడ్తలో అబద్ధం ఒక్కటీ లేదు.

ముందుగా మీ జ్ఞాపకశక్తికి జేజే. మా సెలవులు మాకన్నా మీకే బాగా గుర్తు. వరి కోతలై, నూర్పిళ్లై, చేతిలో నాలుగు డబ్బులు ఆడేది సంక్రాంతికి. బడిపిల్లలకు పెద్ద సెలవులు వేసవిలో, చిన్న సెలవులు దసరాకు. రైతైనా, కూలైనా, కొట్టు నడుపుకునేవాడైనా ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని కదలగలిగేది ఈ మూడు వేళల్లోనే. మీ క్యాలెండరులో ధర పైమెట్టెక్కి కూర్చునేదీ సరిగ్గా అప్పుడే. మామూలు రోజులకు ఒక ధర, శని ఆదివారాలకు ఇంకో ధర, పండగలకు మరో ధర. మంగళవారం వస్తే చవకే. కానీ మంగళవారం మావాళ్లు చేలో ఉంటారు, పిల్లలు బళ్లో ఉంటారు. మేము రాలేని రోజున చవక, వచ్చిన రోజున ప్రియం. ఇంత గురి తప్పని లెక్క వేయడం ఎవరికి చేతనవుతుంది?

తర్వాత మీ ధర్మగుణం. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే రాయితీ, కాలేజీ కార్డు చూపిస్తే రాయితీ, పెద్ద జట్టుగా వస్తే రాయితీ, మళ్లీ మళ్లీ వచ్చేవారికి ఏడాది పాసు. చేతికి ఎముక లేదంటే ఇదే. అయితే ఆ చెయ్యి ఎటు సాగుతుందో చూడండి. 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో వండర్‌లా తెరిచాక మా వైపు పిల్లల నోట పార్కంటే ఆ పేరే. అంతకు ముందునుంచీ రామోజీ ఫిలింసిటీ ఉండనే ఉంది. కర్లపాలెం నుంచి అక్కడికి 300 కిలోమీటర్లకు పైమాట. నగరంలో ఉండి ఏడాదికి పదిసార్లు వెళ్లేవారికి ఒక్కో రాక చవకవుతుంది. ఏళ్ల తరబడి పిల్లలు పోరుపెడితే బాపట్లలో రాత్రి రైలెక్కి ఒక్కసారి వచ్చే కుటుంబానికి నిండు ధర పడుతుంది. ఎక్కువ కష్టపడి వచ్చినవాడి దగ్గరే ఎక్కువ పుచ్చుకోవడం, మీకు ముందు ఏ జాతర కాంట్రాక్టరుకూ తట్టలేదు.

ఆ నిండు ధర ఎంత బరువో మా కొలతలో చెబుతాను. మనిషికి 1,500 రూపాయలనుకుందాం. నలుగురికి 6,000. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కి ఉపాధి హామీ పథకం రోజుకూలి 307 రూపాయలు. అంటే లోపల అడుగు పెట్టడానికే దాదాపు 20 రోజుల కూలి. రైలు చార్జీ, ఆటో, తిండి వేరే.

ఇక మీ కొలతపట్టీ. వయసు అబద్ధం చెప్పొచ్చునని కాబోలు, చాలా పార్కుల్లో పిల్లల టికెట్టుకు ఎత్తు చూస్తారు. గేటు పక్కన గోడ మీద గీత ఉంటుంది. అక్కడ పది నిమిషాలు నిలబడితే చాలు, మీ పాలన ఎలాంటిదో తెలిసిపోతుంది. తల్లి కూతురి భుజం మీద చెయ్యి వేసి, “కాస్త వంగి నిలబడవే” అని చెవిలో చెబుతుంది. పిల్ల మడమలెత్తి మరీ నిక్కుతుంది. పెద్దాళ్ల రైడు ఎక్కాలంటే పొడుగుండాలని దానికి ఎవరో చెప్పారు. “నేను పెద్దదాన్నయ్యానమ్మా” అంటుంది. కౌంటరులో మనిషి తలెత్తకుండానే, “పెద్దల టికెట్టేనండి, తేడా కట్టండి” అంటాడు. తండ్రి లోపలి జేబులో చెయ్యి పెడతాడు. బిడ్డ ఎదిగిందని కన్నవాళ్లు దిగులుపడే చోటు మీరు సృష్టించింది తప్ప ఇంకోటి నాకు తెలియదు.

మీ ఓర్పునూ పొగడాలి. ధర మొత్తం ఒక్కసారే చెప్పి మమ్మల్ని బెదరగొట్టరు. మొదట ఒక అంకె. పేర్లూ ఫోను నంబరూ అన్నీ నింపాక జీఎస్టీ. ఈ పార్కుల మీద జీఎస్టీ 2017 జులై 1న 28 శాతంతో మొదలై, 2018 జనవరి 25 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను మీరు వేసింది కాదు, నిజమే. కానీ 1,000 అని చూపి చివరి పేజీలో 1,180 చేయడం మీ ఎంపికే. ఆపైన ఆన్‌లైన్ రుసుము. లోపలికెళ్లాక లాకరు అద్దె, నీళ్లలో దిగడానికి నైలాన్ బట్టలు, క్యూ దాటి ముందుకెళ్లాలంటే మరో టికెట్టు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర డబ్బా గేటు బయటే ఆగిపోతుంది. సినిమాహాళ్లు బయటి తిండి వద్దనవచ్చు గానీ మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లల తిండిని అడ్డుకోకూడదనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది హాళ్ల గురించి చెప్పిన మాట. పార్కులు ఆ మర్యాద ఎవరూ చెప్పకుండానే పాటిస్తే అదే అసలైన ఘనత.

మీ వంశం కూడా గొప్పదే. 1955 జులైలో అమెరికాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెద్దలకు ప్రవేశం ఒక డాలరు, రైడ్లకు వేరే టికెట్లు. రోజును బట్టి ధర మార్చే పద్ధతి అక్కడ 2016లో వచ్చింది. క్యూలో ఎక్కువసేపు నిలబడకుండా 1999లో ఉచితంగా ఇచ్చిన సౌకర్యానికి 2021 నుంచి డబ్బు తీసుకుంటున్నారు. 2024 అక్టోబరులో రద్దీ రోజు టికెట్టు 206 డాలర్లకు చేరింది. అక్కడ స్థిరపడ్డ మా ఊళ్ల పిల్లలకు, అమ్మానాన్న వచ్చినప్పుడు డిస్నీ చూపించాలని సరదా. ఆ టికెట్టును రూపాయల్లోకి మార్చి చెబితే ఇక్కడి నుంచి వెళ్లిన తండ్రి, “మీరెళ్లి రండిరా, నేను బయట కూర్చుంటా” అంటాడు. పెద్దాయన్ని గేటు బయట కూర్చోబెట్టే శక్తి మీ విద్యకు సముద్రాలు దాటినా తగ్గలేదు.

అన్నిటికన్నా గొప్పది మీ చురుకుదనం. టికెట్టు షరతుల్లో ఒక మాట ఉంటుంది: “నిబంధనలు ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చు.” ఈ ఒక్క వాక్యంతో తేదీ మార్పు, డబ్బు వాపసు, పిల్లల ఎత్తు, పాసు చెల్లే రోజులు అన్నీ మీ చేతిలో ఉంటాయి. వానొచ్చి రైడు ఆగితే వాపసు ఉండదు. పిల్లాడికి జ్వరమొచ్చి మేము ఆగిపోయినా వాపసు ఉండదు. రెండు వైపులా ఒకే న్యాయం: నష్టం మాది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పార్కు నడపడం చవక పని కాదు. కరెంటు, నీళ్ల శుద్ధి, రైడ్ల తనిఖీ, సిబ్బంది జీతాలు జనం రాని రోజున కూడా ఆగవు. ఖాళీ రోజున తగ్గించి రద్దీ రోజున పెంచడం తనంతట తాను తప్పు కాదు. భద్రతకు ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ మేము సంతోషంగా ఇస్తాం. మా బాధ ధర పెరిగిందని మాత్రమే కాదు. బయలుదేరే ముందు మొత్తం ఎంతవుతుందో తెలియకపోవడం, వచ్చేలోపు నియమం మారిపోవడం మా బాధ. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కేవాడికి ఎక్కకముందే ధర తెలుస్తుంది. దిగేటప్పుడు ఇంకో పైసా అడగరు.

చట్టం కూడా అదే అడుగుతోంది. దశలవారీగా ధర బయటపెట్టడం, కొనేవాడికి తెలియకుండా బిల్లులో అదనపు వస్తువు చేర్చడం, లేని తొందర పుట్టించడం వంటి 13 రకాల ఆన్‌లైన్ మాయలను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది.

కాబట్టి పెద్దలారా, మా పొగడ్త పుచ్చుకుని మూడు పనులు చేయండి. పన్నుతో సహా మొత్తం ధర మొదటి పేజీలోనే, గేటు పలక మీద తెలుగులోనే రాయండి. టికెట్టు కొన్న రోజున ఉన్న నియమమే వచ్చిన రోజునా చెల్లనివ్వండి. 300 కిలోమీటర్లు దాటి వచ్చే ఊళ్లవాళ్లకు, ప్రభుత్వ బడి పిల్లలకు సెలవుల్లోనే కొన్ని రోజులు తక్కువ ధర పెట్టండి.

పాఠకులకూ ఒక మాట. డబ్బు కట్టేముందు ప్రతి పేజీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. చెప్పిన ధర ఒకటి, తీసుకున్నది ఇంకొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అడిగేవాడు లేనంత కాలం నియమాలు మారుతూనే ఉంటాయి.