తొక్క తీయని తీగ

స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో నేను వేసిన వీడియోకి గది గదంతా నవ్వింది. హార్వర్డ్-స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక కేంద్రం 1997లో తీసిన ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ లోని ముక్క అది. అమెరికాలో ఎంఐటీ స్నాతకోత్సవం. నల్ల గౌన్లు తొడుక్కున్న పట్టభద్రులకు ఒక బల్బు, ఒక సెల్లు, ఒకే ఒక్క తీగ ఇచ్చి వెలిగించమంటారు. ‘ఓస్, ఇంతేనా’ అన్నట్టు మొదలుపెట్టినవాళ్లే నానా తిప్పలూ పడతారు.

“అంత చదువు చదివి టార్చిలైటు బల్బు వెలిగించలేకపోయారండీ!” అన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

నవ్వే హక్కు నాకుందనుకున్నాను మరి. మా ప్రాథమికోన్నత పాఠశాలలో ఆరో తరగతి గోడకి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది. విద్యుత్ వలయాల పాఠం కోసం అందులోకి ‘ఫెట్’ దించాను. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఆటపాఠాలవి. పైసా కట్టక్కర్లేదు. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. వేలితో సెల్లును లాక్కొచ్చి తీగల కొసలు కలిపితే చాలు, బల్బు వెలుగుతుంది. తీగలో ఎలక్ట్రాన్లు నీలం గోళీల్లా బారులు తీరి నడుస్తాయి. షార్ట్ చేస్తే సెల్లు మీద మంట లేస్తుంది, ఎవరి చెయ్యీ కాలదు. కంటికి కనబడని కరెంటును నల్లబల్ల మీద అంత బాగా నేనెన్నడూ చూపించలేకపోయాను. వారం తిరక్కుండానే పిల్లలు టకటకా వెలిగించేస్తున్నారు. నా రిజిస్టర్‌లో పేరు పేరుకీ టిక్కు పడింది.

ఒక్క పేరుకి తప్ప. మిరపకోతలకని నెల రోజులు బడి మానేసి ముందురోజే వచ్చిన పిల్ల. ప్యానెల్ ఇంకా ముట్టుకోనేలేదు. ఆ పేరు పక్కన ‘వెనుకబడింది’ అని రాసి ఉంచాను.

ఆరోజు ఎంఈఓ మేడమ్ తనిఖీకి వచ్చారు. నాలో హుషారు పొంగింది. ముందు బెంచీ కుర్రాణ్ణి లేపాను. వాడు ప్యానెల్ మీద వేలు పెట్టాడో లేదో, కరెంటు పోయింది. ప్యానెల్ నల్లబడింది. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది.

“పోతే పోయింది లెండి మాస్టారూ, నిజం బల్బే వెలిగించి చూపించండి” అన్నారావిడ.

బీరువాలో సైన్స్ కిట్టు ఉంది. అప్పటిదాకా దాని సీలైనా విప్పలేదు. బల్బు, రెండు ఎర్ర తీగలు దొరికాయి. సెల్లు మాత్రం గోడ గడియారంలోంచి పీకాల్సొచ్చింది. ప్యానెల్ మీద చేసినట్టే తీగల కొసలు తెచ్చి ఆనించాను. వెలగలేదు. తిప్పి ఆనించాను. ఊహూఁ.

“సెల్లు అయిపోయినట్టుంది మేడమ్.”

“ఇందాకటిదాకా గడియారం తిరుగుతూనే ఉంది కదండీ.”

చెమటకి బల్బు వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. సమావేశంలో నేను నవ్విందే.

“తొక్క తియ్యలేదు సార్.”

మిరపకోతల పిల్ల! లేచొచ్చి నా చేతిలోని తీగ అందుకుని, రెండు కొసలూ పంటితో కొరికి ప్లాస్టిక్ ఒలిచేసింది. ప్యానెల్‌లో తీగలకి తొక్క తీసే పనే లేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. పరువు దక్కించుకుందామని రెండో తీగ నేనే ఒలిచి అందించబోయాను.

“రెండెందుకు సార్, ఒకటి చాలు.”

బల్బు అడుగును సెల్లు బొడిపె మీద నిలబెట్టింది. తీగ ఒక కొసను సెల్లు కిందివైపు అదిమిపట్టి, రెండో కొసను బల్బు మెడకున్న లోహపు పట్టీకి తాకించింది. బల్బు మినుకుమంది. గౌన్ల వాళ్లను ముప్పుతిప్పలు పెట్టిన చిక్కుముడి ఆ పిల్ల చేతిలో అరనిమిషంలో విడిపోయింది.

మేడమ్ ముచ్చటపడిపోయారు. నా వైపు మెచ్చుకోలుగా ఒక చూపు చూసి, ప్యానెల్ కేసి చెయ్యి చూపిస్తూ, “ఇందులో ఏ వీడియో చూసి నేర్చుకున్నావమ్మా?” అన్నారు.

“వీడియోలో కాదు మేడమ్. కరెంటు పోయినప్పుడు.”