పోథీ ముందు కూర్చోని చదువు

మా రోజుల్లో ఒక మహాభక్తుడి మీద పరిశోధనకు చేరినవాణ్ణి గురువులు చాలాకాలం కలం పట్టనిచ్చేవారు కాదు. ముందు లిపి నేర్చుకో, తరవాత పంచాంగం నేర్చుకో, ఆ పైన పోథీని, అంటే పాత రాతప్రతిని, కాపాడుతున్న మనిషితో మాట్లాడటం నేర్చుకో అనేవారు. ఇప్పుడో, చేరిన నెలకే మొదటి అధ్యాయం మెయిల్లో వచ్చి పడుతోంది. సూరత్‌లో స్థిరపడ్డ తెలుగువాణ్ణి, సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక వల్లభాచార్యుల మీద రాసే మన పిల్లలు కొందరు నాకు పంపుతూ ఉంటారు. చదువుతుంటే ఒళ్లు మండుతుంది. పిల్లలు తెలివైనవాళ్లే, మాకంటే చురుకు కూడా. కానీ పాత రాత కనబడితే, ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగాలన్న సంగతే వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వల్లభుడు మనవాడు. వెలనాటి వైదిక కుటుంబం, తైత్తిరీయ శాఖ, భారద్వాజ గోత్రం. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మగారు. పుట్టింది ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యంలో, పోయింది కాశీలో. సూరత్‌లో తాపీనది ఒడ్డున అశ్వినీకుమార్ దగ్గర ఆయన బైఠక్ ఉంది. ఆయన కూర్చుని భాగవతం చెప్పాడని సంప్రదాయం కొలిచే ఎనభై నాలుగు చోట్లలో అదొకటి. ఆయన రెండో కొడుకు విఠ్ఠలనాథుడికి ఏడుగురు కొడుకులు, ఏడు గద్దెలు. ఆరో గద్దె స్వరూపంగా, అంటే మూర్తిగా, ఇక్కడివాళ్లు కొలిచే బాలకృష్ణలాల్జీ హవేలీ (వాళ్ల గుడి) ఈ ఊళ్లోనే ఉంది. వల్లభుడు బ్రహ్మసూత్రాల మీద రాసిన అణుభాష్యానికి భాష్యప్రకాశం అనే వ్యాఖ్య రాసిన పురుషోత్తమ గోస్వామి కాపురం ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఇంకోపక్క లింబాయత్, ఉధనా వైపు మగ్గాల మీద బతికే మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. నగరపాలక సంస్థ వాళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమం బళ్లు కూడా నడుపుతోంది. ఆ బళ్లో చదివిన పిల్లవాడికి, అశ్వినీకుమార్‌లో గుజరాతీలు దండాలు పెట్టేది ఒక తెలుగువాడికని చెప్పే దిక్కులేదు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

మేము నేర్చుకున్న పద్ధతి చెబుతాను. హవేలీలో ఒక పోథీ చూడాలంటే ముందు అక్కడి ప్రధాన అర్చకుడు ముఖియాజీకి ఉత్తరం. జవాబు రాకపోతే ఇంకో ఉత్తరం. వెళ్లాక దర్శనం వేళలు దాటేదాకా గుమ్మంలో నిరీక్షణ. వాళ్ల అప్రస్ నియమం కఠినం, సేవలో ఉన్న మనిషిని మనం తాకకూడదు. పోథీని చెక్కపలకల మధ్య పెట్టి ఎర్రగుడ్డలో కట్టి తెచ్చేవారు. సిరా కలం జేబులో ఉంటే బయట పెట్టి రావాలి, పెన్సిల్‌తోనే రాసుకోవాలి. ఆకులు ఆయనే తిప్పేవారు. విసుగు పుట్టేది, నిజమే. కానీ ఆ తిప్పడంలోనే మాకు సగం చదువు వచ్చింది. ఇదిగో ఇక్కడ పసుపుపచ్చగా కనబడుతోందే, అది హరిదళం, లేఖకుడు తప్పు రాసి దాన్ని కప్పి పైన దిద్దాడు అని చూపించేవారు. ఈ అంచున ఉన్న రాత వేరే చేతిది, తరవాతెవరో చేర్చారు అనేవారు. చివర పుష్పిక దగ్గర ఆగి సంవత్సరం, ఊరు, రాసినవాడి పేరు, ఎవరు చదువుకోవడానికి రాశాడో ఆ పేరు, అన్నీ గట్టిగా చదివించేవారు. నాకొచ్చే అధ్యాయాల్లో పుష్పిక ఊసే ఉండదు. ఏ ప్రతి అని అడిగితే ఫైలు పేరు చెబుతారు. ఆ ఫైలులో చివరి ఆకు ఉందో లేదో కూడా చూసి ఉండరు.

తేదీల సంగతి ఇంకా ఘోరం. మొన్న వచ్చిన అధ్యాయంలో వల్లభుడు మొదటి పేజీలో 1478లో పుట్టాడు, ఆరో పేజీలో 1479లో పుట్టాడు. ఏమిటి నాయనా ఇది అంటే, రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది మాస్టారూ అన్నాడు. రెండు రకాలుగా ఎందుకుందో అడగవద్దూ? సంప్రదాయం చెప్పేది విక్రమ సంవత్ 1535. ఉత్తరాదివాళ్లకు విక్రమ సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది, గుజరాతీలకు దీపావళి వెళ్లాక కార్తికంలో. చైత్రం లెక్కన ఆ పుట్టినరోజు 1478 వేసవిలో పడుతుంది, కార్తికం లెక్కన 1479 వేసవిలో. నెల పేరులోనూ తేడా ఉంది. ఉత్తరాదిలో నెల పున్నమితో ముగుస్తుంది కనుక వాళ్లకు అది వైశాఖ బహుళ ఏకాదశి. అమావాస్యతో ముగించే గుజరాతీలకూ మనకూ చైత్ర బహుళ ఏకాదశి. రోజు ఒకటే. ఇంత చిన్న లెక్కను మాకు బళ్లో పలక మీద చేయించినట్టు చేయించారు. ఈ దక్షిణ గుజరాత్‌లో లెక్కలు రాకపోతే అడుగు ముందుకు పడదు. ఇక్కడికి దగ్గర్లోని నవసారిలో దొరికిన చాళుక్య అవనిజనాశ్రయ పులకేశి రాగిరేకులు తాజికుల (అరబ్బుల) సేనను ఓడించిన వార్త చెబుతాయి. వాటి మీద ఉన్నది 490. అది కలచురి సంవత్సరం, మన లెక్కలో 738–39. ఆ శకం తెలియనివాడు 490ని ఏం చేసుకుంటాడు? కలచురి శకపు శాసనాలన్నీ కూర్చి 1955లో మిరాశీ గారు వేసిన సంపుటం లైబ్రరీలో చేతికొస్తే మాకు పండగే.

ఇంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. విజయనగరంలో కృష్ణదేవరాయలు వల్లభుడికి కనకాభిషేకం చేశాడని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. ఆ పిల్లవాడు తన అధ్యాయంలో అది జరిగిన చరిత్రగా, పక్కన ఏ ఆధారమూ లేకుండా రాసేశాడు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా, ఆయన శాసనాలు వందల్లో దొరికాయి, అచ్చయ్యాయి. ఒక్కటైనా తిరగేశావా అంటే మౌనం. భక్తుల కథను తీసిపారెయ్యమని నేననను. వార్తా గ్రంథాలు చదివి కళ్లు చెమర్చినవాణ్ణి. కానీ కథకు ఒక కాలం ఉంటుంది, ఒక పీఠం ఉంటుంది, వినేవాళ్లుంటారు. వల్లభుడు సంస్కృతంలో స్వయంగా రాసుకున్న సుబోధిని, షోడశ గ్రంథాలు ఒక సాక్ష్యం. ఆయన పోయాక మనవల తరంలో, ఆ తరవాతి తరాల్లో వ్రజభాషలో పెరిగిన వార్తలు, బైఠక్ చరిత్రలు వేరే సాక్ష్యం. సమకాలపు రాయీ రాగీ మూడోది. ఈ మూడింటినీ ఒకే చాటలో పోసి చెరిగితే మిగిలేదేమిటి?

ఈ వివేకం ఎంత పాతదో చెప్పడానికి విట్లీ స్టోక్స్ పేరు తలుచుకోవాలి. ఐర్లండు న్యాయవాది, 1862లో మద్రాసు వచ్చాడు, తరవాత కలకత్తా చేరాడు, 1877 నుంచి 1882 దాకా వైస్రాయి సభలో న్యాయ సభ్యుడు. ఒకపక్క ఈ దేశపు చట్టాలు రాస్తూ, మరోపక్క పాత ఐరిష్ ప్రతులు పరిష్కరించాడు. పాట్రిక్, బ్రిగిట్, కొలంబా అనే సెల్టిక్ సాధువుల మీద మధ్యయుగపు ప్రసంగాలు మూడింటిని 1877లో కలకత్తాలోనే అచ్చువేశాడు. దేశమంతటా సంస్కృత ప్రతులను వెతికి పట్టికలు వేయించాలన్న ప్రభుత్వ పథకానికి 1868లో రూపురేఖలు గీసిందీ ఈయనే. ఆ అన్వేషణలోనే జర్మన్ సంస్కృత పండితుడు బ్యూలర్ గుజరాత్, కాఠియావాడ్, కచ్ఛ్, సింధ్, ఖాందేశ్ ప్రాంతాల సొంత గ్రంథాలయాలు తిరిగి 1871–73లో పట్టిక అచ్చువేశాడు. సెల్టిక్ సాధువుల చరిత్ర చదివిన మనిషి గీసిన గీత మన గుజరాత్ ఇళ్లలోని పోథీల దాకా వచ్చిందన్నమాట. ఈ సంగతి మా తరగతిలో చెప్పిన రోజున నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

స్టోక్స్ చదివిన చరిత్రలోనూ ఇదే చిక్కు. పాట్రిక్ ఐదో శతాబ్దంలో తన గురించి తానే లాటిన్‌లో రాసుకున్న పత్రం మిగిలింది. ముయిర్కూ, తీరెహాన్ అనేవాళ్లు ఆయన చరిత్రలు రాసింది ఏడో శతాబ్దం చివర్లో. రెండు వందల ఏళ్ల ఎడం. ఈ మూడూ 807 ప్రాంతంలో తయారైన ఆర్మా గ్రంథంలో ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ఒకే అట్టల మధ్య ఉన్నాయి కదా అని అక్కడి పండితులు ఒకే కాలానివిగా చూడరు. రాళ్ల అంచుల మీద గీతలుగా చెక్కిన ఓగమ్ శాసనాల్లో ఫలానావాడి కొడుకు ఫలానావాడు అన్నంత మాత్రమే ఉంటుంది, మహిమలు ఉండవు. ఆ పొడి మాట కోసమే వానలో మోకాళ్ల మీద కూర్చుని చదివారు. డబ్లిన్‌వాళ్లు ఇప్పుడు పాత ప్రతుల ఫొటోలు ఎంతో శ్రద్ధగా తెర మీదికి తెచ్చారు, నేను ఇంట్లో కూర్చుని చూస్తున్నాను, సంతోషమే. ఫొటో మీద నాకు పగ లేదు. ఆ ఫొటో చదవగలిగే కన్ను తయారుచేసే తరగతి మన విశ్వవిద్యాలయాల్లో మూతపడుతోందనే నా గోల. లిపిశాస్త్రం చెప్పే మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ నింపరు. అదే సొమ్ముతో స్కానరు కొంటారు.

ఆ పిల్లవాడి అధ్యాయం తిరిగి పంపించేశాను. వ్రజభాష నేర్చుకోమన్నాను, గుజరాతీ ఎలాగూ రావాలి. భాష్యప్రకాశం ప్రతుల పుష్పికలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి, ఒక్కోదాని పక్కన ఏ సంవత్సరం ఏ లెక్కన వేశారో రాసుకురమ్మన్నాను. వచ్చే చైత్ర బహుళ ఏకాదశికి సూరత్ రమ్మన్నాను. ఆ రోజు హవేలీలో జనం ఎక్కువ, పోథీ చూపించరు. మర్నాడు ముఖియాజీ దగ్గరికి నేనే తీసుకెళతాను. ఉత్తరం మాత్రం అతనే రాయాలి, గుజరాతీలో, చేత్తో.