మూల తెగిన పాస్‌పోర్టు

అట్ట తిప్పగానే నాలో ఒక విన్నపం కనిపిస్తుంది. నన్ను పట్టుకొచ్చిన మనిషిని అడ్డూ ఆపూ లేకుండా పోనివ్వమని, అవసరం పడితే సాయం చేసి కాపాడమని, భారత రాష్ట్రపతి పేరు మీద అందరినీ కోరే వాక్యం అది. నాకున్న గర్వమంతా ఆ వాక్యమే. నన్ను ఎన్నో కౌంటర్ల మీద తెరిచారు. ఫోటో చూశారు, నంబరు చూశారు, వీసా ఉన్న పేజీకి పోయారు. ఆ వాక్యం దగ్గర చూపు నిలిపిన ఆఫీసరు ఒక్కరూ లేరు. తర్వాత నా మీద ఒక ముద్ర పడింది. దాన్ని చదవకుండా వదిలినవాళ్ళూ లేరు.

పుట్టింది నాసిక్‌లో, ప్రభుత్వ ముద్రణాలయంలో. 36 పేజీలు, ముదురు నీలం అట్ట, దాని మీద బంగారు రంగులో సింహాలు. 2006లో బెంగళూరు కోరమంగల ఆఫీసులో మావాడి పేరూ ఫోటో సంతకం ఎక్కేదాకా నేను ఎవరికీ చెందను. చివరి పేజీలో అమ్మానాన్నల పేర్లు, వాటి కింద చిరునామా, వర్తూరు.

మావాడిది కదిరి దగ్గర పల్లె. ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, మకాం వర్తూరు చెరువుకు ఇవతల ఒక అద్దె గది. అప్పటికి వర్తూరు ఇంకా పల్లెటూరి వాసన వదల్లేదు. పోలీసు వెరిఫికేషనుకు మనిషి వస్తే ఇంటి ఓనరమ్మ కన్నడంలో మొదలెట్టి తెలుగులోకి దిగి, "మంచి పిల్లోడు సార్, ఒకటో తారీకు వచ్చేసరికి అద్దె చేతిలో పెడతాడు" అని సాక్ష్యం చెప్పిందట. నాకు పునాది పడింది ఆమె మాట మీదే అని మావాడు స్నేహితులకు చెప్పుకునేవాడు.

అమెరికాలో ఉద్యోగం చేసుకోనిచ్చే హెచ్‌1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20 వేలు. 2007 ఏప్రిల్‌లో అర్జీలు తీసుకోవడం మొదలైన రెండు రోజుల్లోనే లక్షా 23 వేలకు పైగా వచ్చి పడ్డాయి. లాటరీ తీశారు. మావాడికి తగిలింది. చెన్నైలో జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేట్‌లో వీసా అంటించి, కొరియర్‌లో వర్తూరు పంపారు. ఆ సాయంత్రం గదిలో ఉన్న కుర్రాళ్ళంతా అన్నం తిన్న చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు నన్ను పట్టుకున్నారు. వీసా మీద వేలు ఆనకుండా అంచులు పట్టుకుని చూశారు. నా బతుకులో అంత మర్యాద మళ్ళీ దొరకలేదు. దేశం దాటిన మొదటి ముద్ర వర్తూరుకు దగ్గరే ఉన్న పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో పడింది. మరుసటి ఏడు మేలో విమానాలన్నీ దేవనహళ్ళిలోని కొత్త విమానాశ్రయానికి మారిపోయాయి.

మావాడిని తీసుకుపోయింది ఒక కన్సల్టెన్సీ. వీసా అర్జీ పెట్టేది అది, జీతమిచ్చేది అది, పని మాత్రం వేరే కంపెనీ ఆఫీసులో. ఆ రెండో కంపెనీని క్లయింట్ అంటారు. క్లయింట్‌కూ కన్సల్టెన్సీకీ మధ్య ఒక్కోసారి ఇంకో కంపెనీ కూడా ఉంటుంది. తెలుగు కుర్రాళ్ళలో చాలామంది ఈ దారినే వెళ్ళారు. చట్టం ప్రకారం యజమాని కట్టాల్సిన ఫీజులు కూడా ఆ కన్సల్టెన్సీ మావాడి దగ్గరే వసూలు చేసింది. వాళ్ళ నాయన రెండెకరాల మీద అప్పు తెచ్చి ఇచ్చాడు. ఏ ఊళ్ళో పని చేస్తాడో, ఎంత జీతమో చెప్పే ఎల్‌సీఏ అనే కాగితం ఒకటుంది. ప్రాజెక్టు అయిపోయి మావాడిని ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు, కొత్త ఎల్‌సీఏ తీశామని ఫోన్లో చెప్పారు. కాగితం పంపలేదు.

2010 జనవరి 8న అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగంలో డొనాల్డ్ న్యూఫెల్డ్ అనే అధికారి ఒక మెమో ఇచ్చాడు. ఉద్యోగి మీద అజమాయిషీ చేసే హక్కు నిజంగా ఎవరిదో తేల్చుకోవాలని, ఇలా క్లయింట్ దగ్గర కూర్చోబెట్టే కంపెనీల అర్జీలను గట్టిగా చూడాలని దాని సారాంశం. అది అర్జీలు పరిశీలించేవాళ్ళకు రాసినది. అయినా ఆ నెలలోనే న్యూవార్క్ విమానాశ్రయంలో దిగిన హెచ్‌1బీ ఉద్యోగులు కొందరిని పక్కకు పిలిచి, ఇవే ప్రశ్నలు వేసి, వెనక్కి పంపేశారు. అర్జీ ఆమోదం పొందింది, వీసా చెల్లుతోంది, అయినా పంపేశారు. ఆ కబురు తెలుగువాళ్ళ ఫోన్లలో పాకుతుండగానే మావాడు సంక్రాంతి చేసుకుని, అమ్మ కట్టిచ్చిన పొడులూ ఊరగాయలతో మరో ఊరి విమానాశ్రయంలో దిగాడు.

కౌంటర్‌లో ఆఫీసరు నన్ను మావాడికి తిరిగి ఇవ్వలేదు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి లోపలి గదికి పంపాడు. సెకండరీ అంటారు దాన్ని. వరసగా కుర్చీలు, ఎత్తయిన బల్ల, గోడ మీద ఫోన్లు వాడరాదన్న బోర్డు. మావాడు కుర్చీలో, నేను బల్ల మీద. కనిపించేంత దూరంలోనే ఉన్నాం, చెయ్యి చాపితే అందను. దేశం వదిలాక మేమిద్దరం విడిపోవడం అదే మొదలు. ఆ గదిలో లాయరును పెట్టుకునే హక్కు ఉండదు.

"రోజూ నీకు పని చెప్పేది ఎవరు?"

"క్లయింట్ మేనేజరు."

"జీతం ఇచ్చేది?"

"మా కంపెనీ."

"మీ కంపెనీ మనిషి ఆ ఆఫీసులో ఎవరైనా ఉంటారా?"

"లేరు."

మూడూ నిజాలే. క్లయింట్ ఆఫీసుకు ఫోన్ చేశారు. ఎత్తినావిడ రికార్డు చూసి, ఈ పేరుతో మాకు ఉద్యోగి లేడని చెప్పింది. ఆమె చెప్పిందీ నిజమే, మావాడు ఆ కంపెనీ ఉద్యోగి కాడు కదా. కన్సల్టెన్సీకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎల్‌సీఏ చూపించమన్నారు. పాత ఊరిది మాత్రమే ఉంది. నాలో వీసా ఉంది, దాని మీద మావాడి ఫోటో ఉంది, గడువు ఇంకా ఉంది. నేను చెప్పగలిగింది అంతే. మావాడు ఎవరో చెప్పగలను గాని, ఎవరి కింద పని చేస్తున్నాడో చెప్పే పేజీ నాలో లేదు.

ప్రశ్నలూ జవాబులూ టైప్ చేసి, ప్రింటు తీసి, ప్రతి పేజీ కింద మావాడి చేత పొడి సంతకం పెట్టించారు. నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు, చదివే ఓపిక లేదు. చివరి పేజీలో ఒక ప్రశ్న ఉంది. మీ దేశానికి తిప్పి పంపితే నీకేమైనా భయం ఉందా? మావాడు చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. రెండెకరాల మీద అప్పుంది. సంక్రాంతికి చూసి వచ్చిన సంబంధం ఉంది. బస్టాండు దగ్గర దండ వేసి సాగనంపిన పెదనాయన ఉన్నాడు. "లేదు" అన్నాడు. నేను బల్ల మీద నుంచి విన్నాను.

అమెరికాలో 1996 నాటి చట్టం ఒకటి ఉంది. దాని కింద జడ్జి ఎదుట నిలబెట్టకుండానే ఆఫీసరే వెనక్కి పంపే ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఇస్తే ఐదేళ్ళు ఆ దేశంలో అడుగు పెట్టకూడదు. మావాడికి ఆ ఉత్తర్వే ఇచ్చారు. స్నేహితులు చేతులు కడుక్కుని చూసిన ఆ వీసా మీద అడ్డంగా రద్దు ముద్ర కొట్టి, పెన్నుతో సెక్షన్ నంబరు, తారీకు రాశారు. సిరా వెనక పేజీకి కూడా దిగింది.

నన్ను మావాడి చేతికి ఇవ్వకుండా కవర్లో పెట్టి విమాన సిబ్బందికి అప్పగించారు. పక్క సీట్లవాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళ జేబుల్లో ఉన్నాయి. దేవనహళ్ళిలో దిగాక ఆ కవరు ఇమిగ్రేషన్ గదిలో బల్ల మీద పడింది. దాని పక్కన రాయచోటి ప్రాంతపు ఆడమనిషి కాగితం ఒకటి. కువైట్‌లో ఇంటిపనికి పోయింది. ఆమె పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే అక్కడి యజమాని దగ్గరే, ఉండిపోతే ఎంబసీవాళ్ళు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. ఇంటికి చేరే ఒక్క ప్రయాణానికే పనికొచ్చే కాగితం అది. నేను నా మనిషి దగ్గరో, ఆ మనిషి అనుమతించినవాళ్ళ దగ్గరో మాత్రమే ఉండాలని నా లోపలి సూచనల్లో రాసి ఉంటుంది. నేను భారత ప్రభుత్వ ఆస్తినని కూడా అక్కడే ఉంటుంది. ఆమె పాస్‌పోర్టులోనూ అవే మాటలు ఉండి ఉంటాయి, ఎవరిదో ఇంట్లో బీరువాలో.

మావాడు కదిరి పోలేదు. తిన్నగా వర్తూరు వచ్చి, పాత గదిలో ఉన్న స్నేహితుడి పక్కన చాప వేసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళకు ప్రాజెక్టు ఇక్కడికి మారిందని చెప్పాడు. అమెరికాలో అద్దె ఇంట్లో కుక్కరు, పరుపు, బట్టలు, పార్కింగులో కారు ఉండిపోయాయి. కారును ఎవరో స్నేహితుడు వచ్చిన ధరకు అమ్మి, మిగిలిన అద్దె కట్టి, తాళాలు ఇచ్చేశాడు. కన్సల్టెన్సీ ఫోన్ ఎత్తడమే మానేసింది. ఉగాదికి ఊరు పోతే వాకిట్లోనే పలకరింపు, "ఎప్పుడు పోతావబ్బీ మళ్ళా?" నాయన మాత్రం ఏమీ అడగలేదు. అడగకపోవడం మావాడికి ఇంకా కష్టమైంది. సంబంధం తప్పిపోయింది.

నన్ను సూట్‌కేసు అడుగున వేశాడు. ఆ తర్వాత ఇనప బీరువా కింది అర, పాత పేస్లిప్పుల కింద. టీవీ మాటలు అక్కడిదాకా వినిపించేవి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే, కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన తెలుగు విద్యార్థులను తిప్పి పంపారు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే ఒక ఉత్తుత్తి కాలేజీ నడిపి, చేరినవాళ్ళను 2019లో పట్టుకుంది. ప్రతిసారీ మావాడు టీవీ కట్టేసి బయటికి వెళ్ళిపోయేవాడు. వాళ్ళ చేతుల్లోనూ నాలాంటివే ఉన్నాయి, అదే నీలం అట్ట, లోపల అదే విన్నపం.

2015 వేసవిలో వర్తూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్ల మీద పడింది. ఆ వాసన బీరువాలోకి వచ్చింది. వానాకాలం నా లామినేషన్ అంచు లేచింది, వెండి రంగు పురుగు ఒకటి కుట్టు దారం కొరికింది. మరుసటి ఏడు నా గడువు తీరింది. మారతహళ్ళి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కొత్తదాన్ని అడిగితే, నా అట్ట మూల కత్తిరించి తిరిగిచ్చారు. చెల్లని పాస్‌పోర్టుకు అదే గుర్తు.

చెల్లకపోయినా నన్ను వదిలిపెట్టలేదు. బ్రిటన్ వీసా ఫారం అడుగుతుంది, సింగపూర్ ఫారం అడుగుతుంది, ఏ దేశమైనా నిన్ను రానివ్వకుండా తిప్పి పంపిందా అని. మావాడు ప్రతిసారీ అవునని రాసి, నన్ను బయటికి తీసి, ఆ పేజీ జెరాక్స్ తీయించి, కింద సంజాయిషీ జత చేస్తాడు. ఐదేళ్ళ నిషేధం 2015లోనే తీరిపోయింది. జవాబు చెప్పుకోవడం మాత్రం తీరలేదు.

2020లో కబురు వచ్చింది. ఆ న్యూఫెల్డ్ మెమో వెనక్కి తీసుకున్నారు. ఐటీ సర్వ్ అనే కంపెనీల సంఘం వేసిన కేసులో వాషింగ్టన్ కోర్టు ఆ విధానం చట్టానికి నిలవదని మార్చిలో తీర్పు చెప్పింది, జూన్‌లో మెమో రద్దయింది. ఆ మెమో మాట మీద వెనక్కి వెళ్ళాల్సి వచ్చినవాళ్ళకు ఎవరూ ఉత్తరం రాయలేదు. నా మీది ముద్ర అలాగే ఉంది. మెమోను వెనక్కి తీసుకోగలిగినవాళ్ళు, దాన్ని పట్టుకుని తిప్పి పంపినవాళ్ళను మళ్ళీ పిలిచి ఒక్కసారి చూస్తే ఏం పోయేది? నాకు ఇప్పటికీ ఆరని బాధ అది.

2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌1బీ అర్జీకి లక్ష డాలర్లని అమెరికా అధ్యక్షుడు ప్రకటించాడు. రెండు రోజుల్లో అమలు. సెలవుకు వచ్చినవాళ్ళు ఉన్నపళంగా విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు అది వర్తించదని ఆ తర్వాత చెప్పారు. మావాడి అక్క కొడుకు కూడా ఆ రోజుల్లో ఊళ్ళోనే ఉన్నాడు. అమెరికాలో చదివి, అక్కడే ఉద్యోగంలో చేరి, వీసా ముద్ర వేయించుకోవడానికి వచ్చినవాడు. తిరుగు ప్రయాణం దేవనహళ్ళి నుంచి. ముందురోజు వర్తూరు వచ్చి బాళగెరె దారిలో ఉన్న మామ ఫ్లాట్‌లో దిగాడు.

మావాడు అన్నం తిన్నాక బీరువా తెరిచి నన్ను తీశాడు. భోజనాల బల్ల మీద ఆ పేజీ తెరిచి పెట్టాడు. వాళ్ళక్కకు కూడా ఎప్పుడూ చూపించని పేజీ.

"కాగితాలన్నీ ఫోన్లో పెట్టుకుంటే చాలదురా, ఆ గదిలో ఫోన్ ముట్టనీరు. క్లయింట్ లెటరు, ఎల్‌సీఏ, పేస్లిప్పులు, అన్నీ ప్రింటు తీసి చేతి బ్యాగులో పెట్టుకో. మీ మేనేజరుకు ముందే చెప్పు, ఫోన్ వస్తే ఎత్తమని. నువ్వు చెప్పిందే టైప్ చేసినారా లేదా చదువుకున్నాకనే సంతకం పెట్టాల. తిప్పి పంపేటట్టుంటే, నా అంతట నేనే అర్జీ వెనక్కి తీసుకుంటానని అడుగు. ఒప్పుకోవాలని లేదు, వాళ్ళ ఇష్టం. ఒప్పుకుంటే ఐదేళ్ళ నిషేధం పడదు."

కుర్రాడు నన్ను దగ్గరికి లాక్కుని సెక్షన్ నంబరు చూశాడు. "చివర్లో భయముందా అని అడుగుతారంట కదా మామా. ఏం చెప్పాల?"

"వాళ్ళు అడిగేది ఇక్కడ మనల్ని హింస పెడతారా, చంపుతారా అని. ఆ భయముంటే ఉందనే చెప్పాల. అప్పుడు ఆశ్రయం సంగతి చూసే ఆఫీసరు దగ్గరికి పంపుతారు, అందాకా డిటెన్షన్‌లో పెడతారు. అప్పులోళ్ళ భయం, నాయనకు మొగం చూపీలేని భయం దాంట్లోకి రావు." మావాడు నన్ను మూసి పక్కన పెట్టాడు. "అంతదాకా వస్తే బయట ఎక్కడా తిరగాకు. తిన్నగా ఈడికే రా. మీయమ్మకు నేను చెప్తా."