యాస సరే, యూనిట్లేవీ?

అమెరికా కాల్ ముగియగానే "నీ ఇంగ్లీషులో ఇంకా అమీర్‌పేట వినిపిస్తోందయ్యా" అని కుర్ర ఇంజనీరుకు సుద్దులు చెప్పే మేనేజర్లకు ఈ ముక్క.

1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లి గల్లంతైంది. కారణం యూనిట్లే: కొలరాడో కంపెనీ సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది. కాలిఫోర్నియా బృందం వాటిని న్యూటన్ల లెక్క అనుకుంది. రెండు చోట్లా నడిచింది అమెరికన్ ఇంగ్లీషే! ఉచ్చారణకు వంక పెట్టలేం. నౌకే పలకలేదు.

విమానాల మరమ్మతు పుస్తకాలది ఇంకో ముచ్చట. మెకానిక్‌లలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు, అర్థమయ్యేలా రాయండని 1970ల చివర్లో యూరప్ విమాన సంస్థలు అడిగాయి. అలా పుట్టిందే సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, ఒక మాటకు ఒకటే అర్థం. పరాయి చదువరి పుణ్యమా అని దొరల వాక్యాలకూ నడుం సన్నబడింది. (మన ఆఫీసు మెయిళ్లకు ఆ యోగం ఇంకా పట్టలేదు.)

ఇక లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే ఇంట పుట్టాడు. పైథాన్ చేసిన గైడో వాన్ రాసమ్ డచ్చివాడు. వాళ్లను ఏ యాస శిక్షణ తరగతికి పంపేవారో!

మేనేజరుగారూ, ఈసారి కాల్‌లో "అది పౌండా, న్యూటనా సార్?" అని ఆ కుర్రాడు నత్తుతూ అడిగితే, దయచేసి మ్యూట్ చేయకండి.